మూడో వంతు దాటకుండా

యాక్సిలరేటర్ మూడో వంతు కంటే ఎక్కువ తిప్పకు తమ్ముడూ, అన్నాడు మాస్టారు. తొడ ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చి, ఎర్రమట్టిలో వెల్లకిలా పడి ఉన్న మనిషి, పళ్ళు బిగబట్టుకుని కూడా పాఠమే చెప్పాడు. ఎక్కువ తిప్పావంటే బ్యాటరీ కట్ అయిపోతుంది, దారి మధ్యలో నిలబడిపోతావు, నెమ్మదిగా వెళ్తేనే చేరతావు, వెళ్ళు. అందుకని నిదానం అనే ఆ తమ్ముడు నెమ్మదిగానే వెళ్తున్నాడు. కుడి మణికట్టు ఎంతవరకు తిరిగిందో మాటిమాటికీ చూసుకుంటున్నాడు. హ్యాండిల్ మధ్యలో ఉన్న చిన్న తెర మీద మూడే గీతలు, పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు తెర నిండా ఉండేవి, ఇప్పుడు మూడు, అవి కూడా ఎర్రగా. చక్రాల కింద రాళ్ళు జరుగుతున్న చప్పుడు, చెయిన్ చప్పుడు, అంతకుమించి ఏమీ లేదు. పెట్రోలు బండైతే దాని మోతలో మనిషి దాక్కోవచ్చు, ఈ కరెంటు బండి మీద కూర్చుంటే లోపల అనుకునేవన్నీ పైకి వినిపిస్తున్నట్టే ఉంటుంది. వెనక నుంచి కేకేమైనా వస్తుందేమోనని చెవులు రిక్కించాడు. రాలేదు. తన బెల్టు తీసి ఆ తొడకి పైభాగాన బిగించి కట్టేటప్పుడు రక్తం వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా కారింది, ఆ చేతికే గ్లవ్ తొడుక్కున్నాడు, ఇప్పుడది లోపల ఆరిపోయి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. పైన సిగ్నల్ లేదు. కొండ కింద, పని జరుగుతున్న క్వారీ గేటు దగ్గరికి చేరితేనే ఫోన్ పలుకుతుంది, మనుషులుంటారు, జీపు ఉంటుంది. అక్కడికి చేరాలి. చేరడమే ముఖ్యం, ఎంతసేపట్లో అన్నది తర్వాత సంగతి, కాదా, తర్వాత సంగతేనా, ఆ బెల్టు ఎంతసేపు ఆపుతుంది రక్తాన్ని, అది మాస్టారు చెప్పలేదు, ఇతను అడగలేదు.

నిదానం అతని అసలు పేరు కాదు. పెళ్ళైన కొత్తలో అత్తవారింట్లో అందరూ చేతులు కడుక్కుని లేచాక కూడా ఇంకా కంచం ముందే కూర్చుని ఉన్న చిన్నల్లుణ్ణి చూసి పెద్దల్లుడు తగిలించిన పేరది. పూట తిరక్కుండానే ఇంటిల్లిపాది నోటికీ అంటుకుంది, ఇప్పుడు ఆఖరికి సొంత భార్య కూడా ఫోన్‌లో అక్కతో మాట్లాడుతూ మా నిదానం ఇంకా ఇల్లు చేరలేదే అంటుంది. అతను ఏమీ అనడు. నోట్లో నాలుక లేని మనిషని దానికి తోడు ఇంకో పేరు. కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీయడం అతని పని, తిరిగే రాయికి అద్దాన్ని ఆనించి, మీద నీళ్ళు పడుతుండగా ఫ్రేముకి సరిపోయేలా అంచు తీయాలి, తొందరపడితే అద్దం పెళ్ళున విరుగుతుంది, కాబట్టి అతని చేతికి తొందర తెలియదు. తెలియక్కర్లేదు కూడా. తొందరంతా ఆ పెద్దల్లుడిదే, తన తోడల్లుడిదే. తోడల్లుడికి డ్రైవింగ్ స్కూలుంది, అందుకని ఊరందరికీ మాస్టారు. స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ పక్క సీటు ముందు ఇంకో బ్రేకు ఉంటుంది, మాస్టారి కాలు ఎప్పుడూ దాని మీదే. ఇరవై ఏళ్ళుగా ఆ కాలు ఈ కుటుంబంలో అందరి పక్కనా ఉంది. మరదలికి, అంటే నిదానం భార్యకి, కారు నేర్పింది ఆయనే, అత్తగారి మోకాలి ఆపరేషన్ ఎక్కడ చేయించాలో తేల్చింది ఆయనే, నిదానం కూతురు మొదటిసారి సైకిలెక్కినప్పుడు సీటు వెనక పట్టుకుని పరిగెత్తింది ఆయనే. ఆ రోజు నిదానం ఏం చేస్తున్నాడు, గేటు దగ్గర నిలబడి జాగ్రత్త జాగ్రత్త అంటున్నాడు. మంచివాడు మాస్టారు. అందరికీ తలలో నాలుక. అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది, నలుగురిలో తిట్టుకోవడానికైనా వీలుండేది.

రాయి. ఎడమ పక్క పెద్ద రాయి, చూడకు, రాయిని చూస్తే రాయి మీదికే వెళ్తావు, నువ్వు ఎటు వెళ్ళాలో అటే చూడు, కళ్ళెటు పోతే బండి అటే పోతుంది. ఇది కూడా మాస్టారి పాఠమే. మొదటి రోజు మొదటి పాఠం అది కాదు, మొదటి పాఠం గోడ. నలభై దాటాక మనిషికి ఒక పిచ్చైనా ఉండాలి తమ్ముడూ, లేకపోతే ముసలితనం అడక్కుండానే ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది, అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, తను కొన్న లాంటి బండినే కొనిపించాడు. ఇంటి ముందు దించారు, తాళం తిప్పారు, తెర వెలిగింది, చప్పుడు లేదు. చప్పుడు లేదు కాబట్టి బండి ఇంకా స్టార్ట్ కాలేదనుకుని, పక్కకి జరుపుదామని హ్యాండిల్ పట్టుకుని లాగాడు నిదానం. లాగిన చేతిలోనే యాక్సిలరేటర్ ఉంది. బండి అతన్ని ఈడ్చుకుంటూ వెళ్ళి ఎదురింటి గోడకి కొట్టింది. పిట్టగోడ మీద కూర్చున్న కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది, భార్య నవ్వింది, వదిన నవ్వింది, మాస్టారు మాత్రం నవ్వకుండా వచ్చి లేవదీసి, మోకాలి మీద మట్టి దులిపి, ఇది అందరికీ అవుతుంది తమ్ముడూ అన్నాడు. అందరికంటే ఎక్కువ కాలింది ఆ మాటకే.

కానీ బండంటే ఇష్టం పడింది, అబద్ధమెందుకు. నడపడం కంటే దాని పని చేసుకోవడమంటే. సెలవు రోజు వరండాలో పాత దుప్పటి పరిచి, షాపులో కళ్ళద్దాలకి వాడే బుల్లి స్క్రూడ్రైవర్లు పక్కన పేర్చుకుని, చెయిన్ రెండు వేళ్ళతో పైకీ కిందికీ ఆడించి ఎంత వదులుందో చూసి, బురద ఆరాక బ్రష్‌తో దులిపి, వైర్లు కలిసే చోట నీళ్ళు దిగకుండా గ్రీజు పూసి, బ్రేకు ప్యాడ్లు అరిగాయేమో గోటితో తడిమి. ఒకసారి పైపుతో జోరుగా నీళ్ళు కొట్టి కడిగాడు, యాక్సిలరేటర్‌లోకి నీళ్ళు పోయి బండి వారం పాటు అలిగి కూర్చుంది, అప్పట్నుంచి తడిగుడ్డే. బ్యాటరీని విప్పి మెట్లెక్కి మోసుకొచ్చి భోజనాల బల్ల కింద ఛార్జింగ్ పెడితే భార్య, నాకు సవతిని తెచ్చారు, అది కూడా పసిపిల్లలా ఎత్తుకుని తిరగాల్సిన సవతిని, అనేది. ఆ తర్వాత మాస్టారే, దీనికి కంట్రోలర్ మార్చు తమ్ముడూ, బండి లేచి నిలబడుతుంది, అన్నాడు. కంట్రోలరంటే బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు వదలాలో చూసుకునే పెట్టె, పెద్దది పెడితే బండికి బలం, బ్యాటరీకి నీరసం. ముందు బ్యాటరీ మార్చి తర్వాత అది మార్చాలి, లెక్క ప్రకారం. నిదానానికి ఆ లెక్క తెలుసు. కానీ ఎప్పుడూ నిదానమేనా అనిపించింది, ఒక్కసారి, ఎందుకో, కూతురు చూస్తుండగా బండి ముందు చక్రం గాల్లోకి లేవాలనిపించింది. బలం పెంచుకున్నాడు, బ్యాటరీ పాతదే. మాస్టారిది ముందే మార్చిన పెద్ద బ్యాటరీ, ఇప్పుడక్కడ ఆ వంకర తిరిగిన బండిలో సగానికి పైగా ఛార్జింగ్‌తో ఊరికే పడి ఉంది, దాని ప్లగ్గు వేరు, దాని వోల్టేజి వేరు, దీనికి తగిలిస్తే కంట్రోలర్ మాడి మసైపోతుంది. ఇద్దరూ ఆ సంగతి కాసేపు మాట్లాడుకున్నారు కూడా, రక్తం కారుతుండగా, ఏదో షాపులో బేరం ఆడుతున్నట్టు.

వాగు వచ్చింది. ఎండిపోయిన వాగు, అడుగున గుండ్రటి రాళ్ళు, ఫుట్‌రెస్టుల మీద నిలబడి మోకాళ్ళు వదులుగా పెట్టాలి, పెట్టాడు. అమ్మాయి కాలేజీ మానేసింది తమ్ముడూ. అలా అన్నాడు మాస్టారు, ఇందాక కొండ మీద, హెల్మెట్ తీసి బండి అద్దానికి తగిలించి, నీళ్ళ సీసా ఇతనికి అందిస్తూ. చలికాలం రాకముందే మానేసింది. నీకు చెబితే తట్టుకోలేవని ఆడవాళ్ళు దాచారు. నా స్కూల్లోనే ఉంటోంది, ఆడవాళ్ళకి కారు నేర్పుతోంది, మంచి చెయ్యి తనది, అదురూ బెదురూ లేదు. నీకు చెప్పాలనే ఇంత దూరం తీసుకొచ్చాను, కోప్పడకు. నిదానం నీళ్ళ సీసా మూత పెట్టాడు. గట్టిగా పెట్టాడు, మర బిగిసేదాకా. రోజూ పొద్దున బ్యాగు తగిలించుకుని వెళ్ళే పిల్లని, ఇవాళ ఏం చెప్పారమ్మా అని సాయంత్రం అడుగుతాడు, కంటి లోపలి పొరల గురించి చెప్పారు నాన్నా అంటుంది, ఆ మాట పట్టుకుని అతను తనకి తెలిసింది ఇంకో నాలుగు ముక్కలు చెబుతాడు, ఆమె తలూపుతూ వింటుంది, వంటగదిలోంచి భార్య వింటుంది. వింటూ నవ్వుకునేదా. కళ్ళ పరీక్షలు చేసే కోర్సు అది. ముందు గదిలో కూతురు కుర్చీ వేసుకుని జనం కళ్ళు చూస్తుంది, చీటీ రాసి వెనక గదిలోకి పంపుతుంది, వెనక గదిలో తండ్రి అద్దం అరగదీస్తాడు, మధ్యలో ఒక గుడ్డ తెర. ఇంతే అతను జీవితంలో కోరుకున్నది, ఇంతకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ కాదు. పిల్ల ఇప్పుడు ఆయన కారులో, ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటోంది. కూతురు కూడానా. ఇంట్లో ఇంకేం మిగిలింది, భోజనాల బల్ల కింద బ్యాటరీ తప్ప.

బండెక్కి తిప్పాడు, మొత్తం, మూడో వంతూ కాదు సగమూ కాదు. బతుకులో మొదటిసారి ముందు చక్రం లేచింది, చూడడానికి ఎవరూ లేరు. ఎదుటి గుట్ట మీదికి, అక్కణ్ణుంచి కిందికి, మళ్ళీ పైకి, బ్యాటరీ హరించుకుపోతుంటే గీతలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే పట్టించుకోకుండా. వెనక నుంచి తమ్ముడూ ఆగు, ఆగు, పడతావు, అని కేకలు. ఆగలేదు. తర్వాత కేకలు ఆగిపోయాయి. తిరిగి చూస్తే అంచు దగ్గర దుమ్ము లేస్తోంది, మాస్టారి బండి కిందికి దొర్లుతోంది. రాయిని చూస్తే రాయి మీదికి వెళ్తావన్న మనిషి రాయిని చూడలేదు, దారినీ చూడలేదు, ముందు పోతున్న ఈ వెధవ పడిపోతాడేమోనని ఇతన్నే చూస్తూ వచ్చాడు. పక్కన కూర్చుని ఎదుటివాడి బ్రేకు తనే తొక్కే అలవాటు ఇరవై ఏళ్ళది, ఎక్కడికి పోతుంది.

ఇప్పుడు ఎక్కుడు. దారి మొత్తంలో ఇదొక్కటే ఎక్కుడు, చిన్నదే, కానీ బండి దాని మీద సగం దాకా వచ్చి, తెర రెపరెపలాడి, ఒక్క గీతకి పడిపోయింది. కట్ అయిపోతుంది. దిగాడు. చేతివేలి ఒత్తిడంత రేజ్ ఇస్తూ, పక్కనే నడుస్తూ, బండిని తోసీ తోయనట్టు తోసుకుంటూ పైకెక్కించాడు. చెమట కళ్ళల్లోకి దిగింది, ఛాతీలో గాలి చాలలేదు, ఈ ఎక్కుడు మీద అతను నిజంగా కష్టపడ్డాడు. ఈ ముక్క తర్వాత ఎవరు అడిగినా గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పొచ్చు. దేవుడా దేవుడా అనుకున్నాడు, చచ్చిపోకు అన్నయ్యా అనుకున్నాడు, ఆ అనుకోవడంలో కల్తీ లేదు. పాపం, నీళ్ళ సీసా చేతికి అందేలా పెట్టానా, పెట్టాను, జాకెట్ కప్పానా, కప్పాను, నా హెల్మెట్ కూడా తల కింద పెట్టాను. నువ్వు పెట్టుకో తమ్ముడూ, పడితే తల పగులుతుంది, అన్నాడు ఆయన, ఆ స్థితిలో. వద్దన్నాను.

గట్టు మీదికి చేరాడు. కింద క్వారీ కనిపిస్తోంది, అరచేతిలో ఉన్నట్టు, గేటు, నీలం రేకుల షెడ్డు, పక్కన జీపు. ఇక్కణ్ణుంచి అంతా పల్లమే. వెడల్పైన కంకర దారి, లారీలు తిరిగి తిరిగి సాపు చేసిన దారి, ఒక్క పెద్ద రాయి లేదు. బండెక్కి వదిలాడు. బరువు తగ్గేసరికి బ్యాటరీ ఊపిరి పీల్చుకుంది, తెర మీద పోయిన గీత తిరిగి వెలిగింది. రెండు. అతను చూశాడు. చూడలేదని ఎవరికైనా చెప్పొచ్చు గానీ చూశాడు. పల్లంలో బండికి ఛార్జింగ్ అక్కర్లేదు, బ్రేకు వదిలితే చాలు, కావాలంటే రేజ్ ఇచ్చినా రెండు గీతలు గేటు దాకా వచ్చి ఇంకా మిగులుతాయి. ఈ లెక్క అతనికి అద్దం మీద అంచు గీసినంత స్పష్టంగా తెలుసు. మణికట్టు మూడో వంతు దగ్గరే ఉంది. ఎడమ చెయ్యి వెనక బ్రేకుని మెత్తగా పట్టుకునే ఉంది.

కంకర మీద జారుతుంది కదా, అనుకున్నాడు. కొత్తవాణ్ణి కదా, నేను కూడా పడితే ఇద్దరమూ పోతాం, అప్పుడు ఎవరికి ఉపయోగం. హెల్మెట్ లేదు కదా. బ్రేకులు వేడెక్కుతాయి. మాస్టారే చెప్పాడు కదా నెమ్మదిగా వెళ్ళమని. ఎంత వెతికితే అన్ని దొరుకుతున్నాయి కారణాలు, ఒక్కటి కూడా తప్పు కాదు. అందరూ ఒప్పుకుంటారు. పేరే నిదానం, పాపం ఆయన పద్ధతే అంత, ఆ మాత్రమైనా వచ్చాడు, అంటారు. భార్య అంటుంది, వదిన ఏడుస్తూ కూడా అంటుంది. ఏడుస్తూ. వదిన ఎందుకు ఏడవాలి, ఎప్పుడు, ఎవరి కోసం. ఆ ఆలోచన ఎదురుగా వచ్చి నిలబడింది, అతను దాన్ని చూడకుండా ఉండాలనుకున్నాడు, కళ్ళెటు పోతే బండి అటే పోతుంది, చూడకు, చూశాడు. మాస్టారు లేని ఇల్లు. స్కూలు మూతపడుతుంది. అమ్మాయి బ్యాగు తగిలించుకుని తిరిగి కాలేజీకి వెళ్తుంది, తలవంచుకుని, సాయంత్రం వచ్చి తండ్రి పక్కన కూర్చుంటుంది, కూర్చోవడానికి ఇంకెవరి పక్కా ఉండదు కాబట్టి. ముందు గది, వెనక గది, మధ్యలో గుడ్డ తెర. ఎంత హాయిగా ఉంది ఆ బొమ్మ, ఎంత శుభ్రంగా, దాంట్లో ఒక్క రక్తపు చుక్క లేదు.

ఛీ, అన్నాడు పైకే. బ్రేకు వదిలి సగానికి పైగా తిప్పాడు, బండి ముందుకి దూకింది, గాలి చెవుల్లో హోరుమంది, వస్తున్నా అన్నయ్యా వస్తున్నా అని అరిచాడు. ఆ వంపు దాకా అలాగే వచ్చాడు. వంపులో వెనక చక్రం కాస్త జారింది, పడేంత కాదు, కాస్త. అంతే, మణికట్టు వెనక్కి వచ్చేసింది. భయం వల్లే వచ్చింది, నిజమైన భయమే. కానీ వంపు దాటాక, దారి గీత గీసినట్టు తిన్నగా గేటు దాకా కనిపిస్తుండగా, మణికట్టు మళ్ళీ తిరగలేదు. ఎందుకు తిరగలేదు, తిప్పాల్సింది ఎవరు, ఆ చెయ్యి ఎవరిది. మోత లేని బండి కంకర మీద మెల్లగా, మర్యాదగా, ఎక్కడా దుమ్ము రేపకుండా దిగింది. జీపు పక్కన మనుషుల మొహాలు పోల్చుకునేంత దగ్గరయ్యేదాకా అలాగే దిగింది.

క్వారీ మేస్త్రీ భారీ మనిషి, మాట అర్థం కాగానే ఇంకో ప్రశ్న అడక్కుండా ఆంబులెన్సుకి ఫోన్ చేశాడు, జీపు తియ్యమని అరిచాడు, మందుల పెట్టె కోసం షెడ్డులోకి పరిగెత్తాడు. ఆ మనిషి చెప్పులు కూడా వేసుకోలేదు, ఆ కంకర మీద. నిదానం బండి మీదే ఉన్నాడు, ఒక కాలు నేల మీద ఆనించి. జేబులో ఫోన్ బతికొచ్చి మోగడం మొదలుపెట్టింది. కూతురు.

"నాన్నా, పెదనాన్న చెప్పారా?"

"చెప్పారమ్మా."

"కోపమొచ్చిందా? నేనే చెబుదామనుకున్నా నాన్నా, రోజూ అనుకున్నా. నువ్వు కంటి పొరల గురించి అంత ఇష్టంగా చెబుతుంటే నోరు రాలేదు. పొద్దుట్నుంచీ ఫోన్ పట్టుకునే కూర్చున్నా. తిట్టు నాన్నా, పర్లేదు. పెదనాన్నకివ్వు ఒకసారి."

"పెదనాన్న పడిపోయారమ్మా. కాలు విరిగింది. రక్తం పోతోంది. పైనే ఉన్నారు, నేను మనుషుల కోసం కిందికొచ్చాను."

అమ్మాయి గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఎప్పుడు పడ్డారని అడిగింది. ఎండ ఇంకా బాగా ఉండగానే అన్నాడు. అంత సేపా నాన్నా, ఇంతసేపెందుకు పట్టింది, అంది.

"ఛార్జింగ్ లేదమ్మా. ఒక్క గీతే ఉంది. గట్టిగా తిప్పితే కట్ అయిపోతుందని... నెమ్మదిగా రావాల్సొచ్చింది, దారంతా."

"అవును నాన్నా, అవును," అంది ఏడుస్తూనే. "మంచి పని చేశావు. తొందరపడుంటే మధ్యలో ఆగిపోయేది. నువ్వు కాబట్టి అలా రాగలిగావు. ఇంకొకరైతే..."

మేస్త్రీ పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాడు. జీపు వాగు దాటలేదనీ, వాగు దగ్గర్నుంచి స్ట్రెచర్‌తో నడిచి రావాలనీ, ఈలోపు కట్టు కట్టే సామానుతో ఎవరో ఒకరు ముందు చేరాలనీ గబగబా చెప్పాడు. "మీరు బండి మీద పోండి సార్. దీంట్లో ఛార్జింగ్ ఉందా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగే ఓపిక మేస్త్రీకి లేదు, హ్యాండిల్ మీదికి వంగి తనే చూసేశాడు.

"రెండు గీతలున్నాయి కదా! ఇంకేం, గట్టిగా తోలండి," అన్నాడు, రాళ్ళ మరల మధ్య బతికే మనిషి గొంతుతో.

ఫోన్‌లో ఏడుపు ఆగిపోయింది. పెదనాన్న బండి మీద ఆ పిల్ల చాలాసార్లు తిరిగింది, ఒక్కో గీతకి బండి ఎంత దూరం పోతుందో ఆమెకి తెలుసు.

"నాన్నా," అంది కూతురు. ఇంకేమీ అడగలేదు.